సూదికి ముందు క్యారేజీ

మాబున్నీసా అత్త దగ్గరికి ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడో చెప్పకముందే ఆమె అడిగే మాట ఒకటుంది.

“క్యారేజీ తెచ్చావా?”

కొత్తవాళ్లు తెల్లబోతారు. మోకాళ్ల నొప్పికి సూదులు వేయించుకుందామని వస్తే అన్నం క్యారేజీ ఎందుకు? తెలిసినవాళ్లు మాత్రం సంచిలోంచి గిన్నెలు తీసి బల్ల మీద వరసగా పెడతారు. ఆమె మూతలు తీస్తుంది, వాసన చూస్తుంది, చెంచాతో అడుగు దాకా కెలుకుతుంది. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది.

“ఏం తింటన్నావని అడిగితే మనిషి అబద్ధం చెప్తాడు. గిన్నె చెప్పదు” అంటుంది.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు వెనక సందులో వాళ్ల ఇల్లు. కింద వాళ్లుంటారు, పైన మేం అద్దెకుంటాం. నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఆయన సుధీర్ బాబు మాచవరంలో స్కూలు టీచరు. మా పాప హెప్సీకి అప్పుడు రెండేళ్లు నిండాయి. ఇల్లు చూడటానికి వచ్చిన రోజే వసారాలో సూదుల ప్యాకెట్లు చూసి నేను వద్దనుకున్నాను. నేల మీద ఏది కనపడితే అది నోట్లో పెట్టుకునే పిల్లను సూదులున్న ఇంట్లో ఎలా పెంచడం?

అత్త నా మొహం చూసింది. స్టూలెక్కి, గోడ మీద ఎత్తున ఉన్న మేకు నుంచి ఒక కర్ర తీసింది. కర్ర చివర పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం బిళ్ల బోల్టులతో బిగించి ఉంది. ఒక సూదిని కావాలనే కింద పడేసి, చీపురుతో ఊడ్చినట్టు కర్రను నేలంతా తిప్పింది. సూది టక్కున అంటుకుంది.

“మా ఆయన చేసిచ్చాడు. మనిషి లేచినప్పుడల్లా ఒకసారి, తలుపులేసేటప్పుడు ఒకసారి తిప్పుతా. ఒకళ్లకి ఏసిన సూది ఇంకొకళ్లకి ఎయ్యను. అదిగో, ఆ గట్టి డబ్బాలో పడేస్తే ఆస్పత్రి చెత్త బండోళ్లు పట్టుకపోతారు. ఇంకా భయమేనా?”

భయం పూర్తిగా పోలేదు కానీ, అయస్కాంతం కట్టిన మనిషి మీద నమ్మకం కుదిరింది. ఆమె కర్రను మళ్లీ మేకుకు తగిలించడానికి స్టూలు మీద మునికాళ్లపై నిలబడింది.

“అంత ఎత్తున మేకెందుకు కొట్టారత్తా?”

“ఆయన కొలతకి కొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన చెయ్యే ఆడదాకా లేవట్లా” అంది. మామూలుగానే అంది కానీ, స్టూలు దిగాక కాసేపు ఆ మేకు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఆమెది వెల్దుర్తి. పెళ్లై ఇక్కడికొచ్చాక చాలా ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. పొద్దంతా గొంతుక్కూర్చుని, ఘాటులో, తుమ్ముతూ. అప్పుడు పట్టుకుంది తలనొప్పి. మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట కూడా మొదలయ్యాక, గుంటూరులో ఉన్న వాళ్ల అక్క ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆ డాక్టరమ్మ ఆక్యుపంక్చర్ చేసేది. తలనొప్పి తగ్గిందన్న సంతోషంలో అత్త అక్కడే ఆయాగా చేరింది. పక్కలు మారుస్తూ, డబ్బాలు తుడుస్తూ, ఏ నొప్పికి ఎక్కడ వేస్తున్నారో చూస్తూ ఉంటే, డాక్టరమ్మే కూర్చోబెట్టి నేర్పించి, డిప్లొమా పరీక్ష రాయించింది.

క్యారేజీ సంగతి మాత్రం గుంటూరులో నేర్చుకున్నది కాదు. నరసరావుపేట తిరిగొచ్చి వసారాలో బల్ల వేసుకున్న కొత్తలో, మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లు తలనొప్పని వచ్చేవాళ్లు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో సూది వేస్తే హాయిగా ఉందనేవాళ్లు. వారం తిరక్కుండా అదే నొప్పితో మళ్లీ వచ్చేవాళ్లు. విసుగొచ్చి ఒకరోజు అడిగిందట, పొద్దుట్నుంచీ ఏం తిన్నారని. టీ. మధ్యాహ్నం? పచ్చడి మెతుకులు. నీళ్లో? నీళ్లు తాగితే చేలో ఎక్కడికి పోవాలి, చుట్టూ మగవాళ్లుంటే? అందుకని పొద్దు వాలేదాకా గొంతు తడపరు.

“సూది ఇయ్యాల్టి నొప్పి తీస్తది. రేపటి నొప్పి క్యారేజీలో కూర్చోనుంటే నేనేం చేసేది?” అంటుంది అత్త.

ఆమె పెట్టిన గొడవతో ఒక మేస్త్రీ కోతకు వెళ్లే చోట పరదాలు కట్టించడం మొదలుపెట్టాడు. మజ్జిగ సీసాలు కూడా వచ్చాయి. ఆ ముఠావాళ్లు ఇప్పుడు ఆమె దగ్గరికి తలనొప్పితో రావడం తక్కువ. ఎదురొస్తే మజ్జిగ సీసా ఊపి చూపిస్తారు.

సూదుల మీద నాకు మొదట్లో ఉన్న అనుమానాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. దొరికిన పరిశోధనలు చదివాను. కొన్ని నొప్పులకు, వాంతి వికారానికి ఉపయోగముందని కొన్ని చెబుతాయి, నమ్మకం వల్ల వచ్చే ఉపశమనమే ఎక్కువని కొన్ని చెబుతాయి. అత్తతో ఈ మాట అంటే ఆమె నొచ్చుకోలేదు. ఆమె హద్దులు ఆమెకున్నాయి. నెల తప్పిన ఆడవాళ్లకు చేతి కండలో సూది వెయ్యదు. గుండెల్లో బరువన్నవాళ్లను బల్ల ఎక్కనివ్వకుండా ఆటో పిలిచి ఆస్పత్రికి పంపుతుంది. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానెయ్యమని ఎవరికీ చెప్పదు. మానేశామని గొప్పగా చెప్పుకునేవాళ్లను మాత్రం తిట్టకుండా వదలదు.

క్యారేజీ పరీక్ష మొదలయ్యాక జనం తెలివిమీరారు. ఆమె దగ్గరికి వచ్చే రోజున ప్రత్యేకంగా వండుకొస్తారు. రోజూ ఆవకాయ, అన్నంతో సరిపెట్టుకునే ఇంట్లో ఆ పూట పాలకూర ఉడుకుతుంది. అంత ఓపిక లేనివాళ్లు అప్పు తెచ్చుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న రంగనాయకమ్మగారు ఒకరోజు మూత తీస్తే అత్త వాసన చూసి నవ్వింది.

“పెద్దమ్మా, పొద్దున ఆదిలక్ష్మమ్మ తెచ్చింది గూడా ఈ తోటకూరేగా?”

“ఇద్దరం ఒకే బండి కాడ కొన్నామే.”

“కూర ఒకే బండి కాడ కొంటారు, బానే ఉంది. మాడిన పోపు గూడా ఆడే అమ్ముతన్నాడా?”

బల్ల మీద ఉన్నవాళ్లకు సూదులు కదిలేంత నవ్వొచ్చింది. రంగనాయకమ్మగారు మాత్రం, “ఏమే, సూదులేసేదానివి సూదులెయ్యి, మా పోపు సంగతి నీకెందుకు?” అని మోకాళ్లు చాపుకుంది.

ఇలా ఊరందరి గిన్నెల్లో దొంగతనం పట్టే మనిషికి, తన ఇంటి గిన్నె సంగతి తెలియలేదు.

జాన్ సాహెబ్ మావయ్యది ట్రాక్టర్ల షెడ్డు, పల్నాడు రోడ్డు మీదే. ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతాడని పేరు. ఆరడుగుల మనిషి. అంత మనిషికీ సూదంటే భయం. రక్తపరీక్షకు వెళ్లి, సిరంజి చూసి, ల్యాబులో కుర్చీతో సహా వెనక్కి పడ్డాడని అత్త చెబుతుంది. “అది కుర్చీ కాలు విరిగింది” అంటాడు మావయ్య. ఇంట్లో ఆమెను మున్నీ అని పిలుస్తాడు. ఆమె బల్ల దగ్గరికి మాత్రం రాడు. వసారా దాటాల్సి వస్తే గోడవైపు చూస్తూ నడుస్తాడు.

ఆయనకు షుగరు. దాంతోపాటే కుడి భుజం బిగుసుకుపోయింది. షుగరున్నవాళ్లకు ఇది తరచుగా వచ్చేదేనని డాక్టరు చెప్పారు. చెయ్యి ముందుకు చాపగలడు, ఛాతీ ఎత్తు దాటి లేపలేడు. మేము వచ్చిన కొత్తలోనే డాక్టరు మాత్రలు పెంచి, భుజానికి వ్యాయామాలు చెప్పి, తిండి మార్చమని, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. అప్పటికీ దిగకపోతే రోజూ ఇన్సులిన్ తీసుకోవాలన్నారు.

“రోజూనా?” అన్నాడట మావయ్య. ఇంటికొచ్చి నన్ను మేడ మీంచి కిందికి పిలిచాడు. “అమ్మాయ్, నువ్వు సైన్సు చదివినదానివి. ఆ పరీక్షకి ముందు రోజు ఉపాసం ఉంటే సరిపోద్దా?”

“సరిపోదు మావయ్యా. ఆ పరీక్ష ముందురోజు సంగతి చూడదు. గడిచిన మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చెబుతుంది.”

“అంటే దానికి అన్నీ గుర్తుంటాయన్నమాట” అని దిగులుగా వెళ్లిపోయాడు. ఇన్సులిన్ మంచి మందనీ, సూది చీమ కుట్టినంత కూడా ఉండదనీ చెప్పాను. ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

అప్పట్నుంచీ అత్త ఆయన క్యారేజీ మీద పడింది. జొన్న రొట్టెలు, మధ్యలో మునగాకు పొడి చల్లి మడత. మెంతికూర పప్పు, వంకాయో దొండకాయో కూర, ఉడకబెట్టిన శనగలు, పల్చటి మజ్జిగ. సాయంత్రానికి గిన్నెలు నాకినట్టు ఖాళీగా వచ్చేవి. ఆమె మురిసిపోయేది. కానీ మనిషిలో మార్పు లేదు. దాహం తగ్గలేదు, కాళ్ల మంటలు తగ్గలేదు, మధ్యాహ్నం షెడ్డులో కునికిపాట్లు. వేలికి సూది గుచ్చి ఇంట్లోనే చూద్దామంటే ఒప్పుకోడు.

“మందు పన్జెయ్యట్లేదా, నా వంట పన్జెయ్యట్లేదా రేచల్?” అని నన్నడిగేది. నాకూ అర్థమయ్యేది కాదు. పరీక్షకు ఇక రెండు నెలలే మిగిలాయి. ఊరందరికీ తిండి చెప్పే మనిషి, తన ఇంటాయనకు దారి చూపలేకపోతున్నానన్న దిగులు ఆమె మొహంలో కనపడేది.

అదే సమయంలో ఆమెకు తృప్తినిచ్చినవాడు రొంపిచెర్ల పున్నయ్య. సొంత ట్రాక్టరు తోలుకుంటాడు. నడుము నొప్పి, గ్యాసు. ట్రాక్టరు మావయ్య షెడ్డులో వదిలి, సూదులకు నడిచి వస్తాడు. క్యారేజీ చూస్తే ముచ్చటేస్తుంది. జొన్న రొట్టెలు, పప్పు, కూర, శనగలు. గ్యాసు తగ్గింది, పొట్ట కూడా కొంచెం లోపలికి పోయింది.

“చూడండమ్మా, పున్నయ్య ఇంటామెను చూసి నేర్చుకోండి. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తది” అని అందరి ముందూ పొగిడేది. ఇంట్లో మావయ్యను కూడా సాధించేది. “రొంపిచెర్ల పున్నయ్య అదే తిండి తిని గుర్రంలాగ తిరుగుతన్నాడు. నీకేమయిందయ్యా?”

మావయ్య తల వంచుకుని రొట్టె నమిలేవాడు.

రెండో శనివారం. నాకు సెలవు. పొద్దున్నే హెప్సీ కిందికి దిగి అత్త దగ్గర చేరింది. అత్త జొన్నపిండి ముద్ద చేస్తుంటే నాకూ కావాలని ఏడ్చి, ఒక ఉండ సంపాదించి, రెండు చేతులతో చరిచి చరిచి ఒక రొట్టె చేసింది. అరచేయంత. గుండ్రంగా లేదు, ఒక పక్కన బొటనవేలు గుచ్చిన గుంట. అత్త దాన్ని పెనం మీద కాల్చి, “మావయ్యకి పెడదామా?” అని క్యారేజీలో పెద్ద రొట్టెల మీద పెట్టింది. మావయ్య హెప్సీ బుగ్గ గిల్లి, క్యారేజీ పట్టుకుని వెళ్లాడు.

పదకొండు దాటాక పున్నయ్య వచ్చాడు. వసారాలో రంగనాయకమ్మగారు ఒక పక్కన కూర్చుని ఉంది. హెప్సీని పట్టుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను, సూదులు తీసేటప్పుడు అది పరిగెత్తకుండా.

“అక్కా, తెచ్చా” అని పున్నయ్య నవ్వుతూ క్యారేజీ బల్ల మీద పెట్టాడు.

అత్త మూత తీసింది.

“నా లొట్టె!” అని అరిచింది హెప్సీ.

పెద్ద రొట్టెల మీద అరచేయంత రొట్టె. పక్కన వేలి గుంట.

అత్త ఆ చిన్న రొట్టెను చేతిలోకి తీసుకుని చూసింది. పున్నయ్యను చూసింది.

“ఎవరు చేశారు పున్నయ్యా ఇది?”

“మా ఇంటామేనక్కా. ఇంకెవరు చేస్తారు?”

“ఆమె పేరేంది?”

“రాజమ్మ.”

అత్త రొట్టెలు పళ్లెంలో పెట్టింది. ఖాళీ గిన్నెను తిరగేసి పున్నయ్య ముందు పెట్టింది. అడుగున చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలు. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చిన గిన్నెల మీద కొట్టించిన పేరు.

“రాజమ్మ గిన్నె మీద మాబున్నీసా అని ఎందుకుంది?”

రంగనాయకమ్మగారు పక్కకి వంగి గిన్నె అడుగు చదివి, “ఓర్నీ! నా మాడిన పోపే నయం గదే!” అంది.

పున్నయ్య దాచలేక అంతా చెప్పేశాడు. షెడ్డులో మావయ్య క్యారేజీకి గిరాకీ ఉందట. ఆయన రొట్టెల గిన్నెలు ఎవరికైనా ఇచ్చి, వాళ్ల అన్నం గిన్నెలు తీసుకుంటాడు. సూదులకొచ్చే రోజుల్లో పున్నయ్యకు మొదటి హక్కు. “నాకు నీ కాడ మాట దక్కుద్ది, ఆయనకి మా ఇంటి కోడిపులుసు దక్కుద్ది. సాయిబే చెప్పొద్దన్నాడక్కా. కానీ ఒకటి నిజం. నీ తిండి తిన్నాకే నా గ్యాసు తగ్గింది.”

నాకు నవ్వొచ్చింది. కావాలని పెట్టినా ఇంత బాగా కుదరని ప్రయోగం. ఒకే తిండి, తిన్నవాడికి తగ్గింది, తిననివాడికి తగ్గలేదు. అత్త వంటకు ఏ లోపమూ లేదు. స్టీలు గిన్నెలన్నీ ఒకేలా ఉంటాయి, వంటా ఆమె చెప్పినదే, అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాక ఆమె పొగిడింది తన వంటనే. కానీ ఆమె నవ్వలేదు. పున్నయ్యను పడుకోమని, ఎప్పటిలాగే నడుముకు సూదులు వేసింది. సమయం అయ్యాక తీసింది. అయస్కాంతం కర్ర తిప్పింది. అప్పుడంది, “రేచల్, నీ బండి తియ్. పున్నయ్యా, నువ్వు నడిచి రా.”

హెప్సీని సుధీర్‌కు అప్పగించి స్కూటీ తీశాను. దారంతా వెనక సీటు మీద అత్త చేతిలో గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

షెడ్డులో భోజనాల వేళ. పాత టైర్ల మీద, బోర్లించిన డబ్బాల మీద నలుగురైదుగురు గుండ్రంగా కూర్చున్నారు. మావయ్య చేతిలో అన్నం ముద్ద. మమ్మల్ని చూసి పక్కనున్న పేపరు తీసి గిన్నె మీద కప్పాడు.

“ఏందే మున్నీ, ఇట్టా వచ్చినావు?”

“రాజమ్మ పులుసు బాగుందా?”

చుట్టూ ఉన్నవాళ్లు గిన్నెల్లోకి తలలు దించారు. మావయ్య చేతిలో ముద్ద ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉండిపోయాడు. అత్త పెద్దగా అరవలేదు.

“నా వంటలో ఏం తప్పుందో అని ఇన్నాళ్లూ పప్పులో ఉప్పు మార్చా, రొట్టెల్లో పిండి మార్చా. ఊళ్లోవాళ్ల గిన్నెలు చూసి నవ్వుకున్నా. నీకు నోరు లేదా, బాలేదని చెప్పేదానికి?”

“బాలేదని ఎవరన్నారు?”

“మరెందుకు?”

మావయ్య లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి షెడ్డు వెనక పంపు దగ్గరికి నడిచాడు. మేమిద్దరం వెళ్లాం.

“ఈడ అందరూ కలిసి తింటారు మున్నీ. నీది ఇంత నాకెయ్యి, నాది ఇంత నీకేస్తా. అందరి మధ్యన ఒక్కడు జొన్న రొట్టె, చప్పిడి పప్పు తీస్తే అడగరా? షుగరంటే, మరి చెయ్యేందంటారు. చెయ్యి లేవట్లేదని తెలిస్తే ఇంజను ఎవడిస్తాడు నాకు? రోగిష్టోడి చేతిలో బండి ఎవడు పెడతాడు?” ఆయన గొంతు తగ్గించాడు. “మార్చుకుంటే ఎవడూ ఏమీ అడగలా. సాయిబు ఇంటి రొట్టె బాగుందని మాత్రం అన్నారు.”

అత్త ఆయన భుజం వంక చూసింది. ఆమె కోపం పోవడం నేను కళ్లారా చూశాను. వెనక్కి వెళ్లి టైరు మీద కూర్చుంది. పేపరు తీసి, పున్నయ్య గిన్నెలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

“పులుసు బానే ఉంది. కోడికూర తినొద్దని నేనెప్పుడన్నానయ్యా? గుట్టలాగ అన్నం పోసుకోబోక అన్నా.” చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. “రేపట్నుంచీ ఈ షెడ్డుకి రొట్టెలు నేను పంపిస్తా. అందరికీ. మీరు కూరలు తెచ్చుకోండి. అన్నం మాత్రం వద్దు.” వెనకాలే వచ్చిన మావయ్య వైపు వంగి గొంతు తగ్గించింది. “అందరూ అదే తింటంటే, రోగిష్టోడెవడో ఎవడికి తెలుస్తది?”

అప్పుడే చేరుకున్న పున్నయ్య ఆయాసపడుతూ, “నాకు గూడా పంపుతావా అక్కా?” అన్నాడు.

“నీకు పంపను. రాజమ్మని రమ్మను. ఆమెకి నేర్పుతా.”

షెడ్డంతా నవ్వింది. మావయ్య కూడా.

మర్నాటి నుంచీ పొద్దున్నే కింద వంటింట్లో రొట్టెలు చరిచే చప్పుడు రెట్టింపయింది. రాజమ్మ నిజంగానే వచ్చింది, నేర్చుకుంది, పోతూ పోతూ ఇంటి ఉలవలు కొన్ని ఇచ్చి పోయింది. షెడ్డులో ఇప్పుడు జొన్న రొట్టె మామూలైపోయింది. ఒకాయన మధ్యాహ్నం నిద్ర రావట్లేదని ఫిర్యాదు కూడా చేశాడట.

ఇది జరిగిన కొద్దిరోజులకు, ఒక ఉదయం, వసారాలో రోగులతో పాటు జాన్ సాహెబ్ మావయ్య వరసలో కూర్చుని కనిపించాడు. రంగనాయకమ్మగారి వెనక. ఒళ్లో క్యారేజీ. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అత్త చూసీ చూడనట్టు రంగనాయకమ్మగారి మోకాళ్లు ముగించి, “తర్వాత” అంది.

మావయ్య బల్ల మీద కూర్చున్నాడు. అత్త చొక్కా గుండీ విప్పబోతే ఆపాడు.

“ముందు క్యారేజీ చూడవా?”

“నేను పెట్టిందేగా.”

“అందరిదీ చూస్తావుగా. నాది గూడా చూడు.”

అత్త మూత తీసింది. వాసన చూసింది. చెంచాతో కెలికింది. గిన్నెను ఎత్తి అడుగున ఉన్న పేరు కూడా చదివింది. “సరే, నిజమే” అని నాడి పట్టుకుంది. సూది వేసేటప్పుడు మావయ్య కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో ఇంజను గురించి గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. హెప్సీ ఆయన కాళ్ల దగ్గర నిలబడి, “నొప్పా?” అని అడిగితే, “లేదమ్మా, చీమ” అన్నాడు. కుర్చీ మాత్రం పడలేదు.

“సూది భుజానికి. షుగరుకి మాత్ర, నోరు కట్టుకోవడం. మర్చిపోబోక” అంది అత్త.

డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా ఆయన వసారాలోనే చేసేవాడు. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. పక్కనే హెప్సీ కూడా తన చిన్న వేళ్లు పాకించేది. ఎవరు ఎంతదాకా వెళ్లారో గోడ మీద మరకలు చెప్పేవి.

పరీక్ష రోజు అత్త వెంట వెళ్లింది. నేను కాలేజీలో ఉన్నానన్న మాటే కానీ ఫోను వంకే చూస్తున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావయ్య మెట్ల మీద కూర్చుని హెప్సీకి అరటిపండు వలిచి ఇస్తున్నాడు.

“దిగింది అమ్మాయ్. పూర్తిగా దిగలా. ఇన్సులిన్ ఇప్పుడొద్దు, మాత్రలు మానొద్దు, ఇట్టాగే తినమన్నాడు. మళ్లీ మూడు నెలలకి రమ్మన్నాడు.” కాస్త ఆగి, “రక్తం తీసేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నా” అన్నాడు.

“అబద్ధం. ఒక కన్ను” అంది లోపల్నుంచి అత్త.

భుజం మెల్లగా కదలడం మొదలైంది. అది సూదుల వల్లా, వ్యాయామం వల్లా, చక్కెర దిగడం వల్లా అని నేనడిగాను. అత్త పొయ్యి మీద పప్పు కలుపుతూ, “నీకు కారణం కావాలి, నాకు చెయ్యి కావాలి” అంది. రెండూ కావాలత్తా, అన్నాను. అయితే నువ్వు కనుక్కో, నాకు చెప్పు, నేను జనానికి చెప్తా అంది. అదే మా మధ్య ఒప్పందం. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం చివరి మనిషి లేచాక మావయ్యే అయస్కాంతం కర్ర తీసుకుని నేలంతా తిప్పాడు. బల్ల కింద, గుమ్మం మూల, హెప్సీ ఆడే చోట రెండుసార్లు. అత్త స్టూలు తెస్తుంటే వద్దన్నాడు. కుడి చేత్తో కర్ర పట్టుకుని, గోడకు దగ్గరగా జరిగి, పళ్లు బిగించి చెయ్యి లేపాడు. ఛాతీ దాటింది. చెవి దాటింది. కాస్త ఆగి, మునివేళ్ల మీద లేచి, మొహమంతా ముడుచుకుని, కర్రను మేకు దాకా తీసుకెళ్లాడు. మొదటిసారి జారింది. రెండోసారి పట్టుకుంది.

అత్త స్టూలును అక్కడే కింద పెట్టి, దాని మీద కూర్చుంది.